గాల్లో ఆపి ఆన్ చేసిన విమానం

సర్వర్ బాబాయ్ నోరు తెరిస్తే బట్టలుతికే మెషీన్లు కూడా తిరగడం మానేసి వింటాయని ఆ అపార్ట్‌మెంట్లలో పేరు. ఆ మాట పుట్టించింది కూడా బాబాయే లెండి.

వారం మధ్యలో పట్టపగలు, పనులున్నవాళ్లంతా పనుల్లో ఉండే వేళ, కింది అంతస్తులోని ఉతుకుడు గదిలో నలుగురు పోగయ్యారు. డ్యూటీ దిగొచ్చి నిద్ర పట్టని నర్సక్క ఒకరు. ఒకప్పుడు ప్రోగ్రాములు రాసి, కాంట్రాక్టు పోయాక టాక్సీ తోలుకుంటున్న డ్రైవరన్న ఇంకొకరు. మూడో మనిషి సర్వర్ బాబాయ్. ఆఫీసుల్లో సర్వర్లనే పెద్ద కంప్యూటర్లు చూసుకునే ఆయన, రెండు కాంట్రాక్టుల మధ్య కాస్త విశ్రాంతి తీసుకుంటున్నాడు. ఆ విశ్రాంతి ఎప్పుడు మొదలైందని పిన్ని కూడా అడగడం మానేసింది.

నాలుగో మనిషి టెస్టరమ్మాయి. ఎవరో రాసిన ప్రోగ్రాము ఎక్కడ విరుగుతుందో వెతికి పట్టుకోవడం ఆమె పని. కాంట్రాక్టు అయిపోయింది. ఈ నెలాఖరులోగా ఇంకోటి దొరక్కపోతే ఈ దేశంలో ఉండే పర్మిట్ కూడా అయిపోతుంది, పెట్టె సర్దుకుని ఇంటికి పోవడమే. ఇంకాసేపట్లో వీడియో కాల్‌లో ఒక ఇంటర్వ్యూ ఉంది. దీని తర్వాత క్యూలో మరొకటి లేదు.

కాల్‌లో ముందే చేరిపోయి కూర్చో, ఆత్రం కనపడాలి అన్నాడు కాంట్రాక్టులు ఇప్పించే ఏజెంటు. భవనంవాళ్ల వైఫై సరిగ్గా అందేది ఈ గదిలోనే కాబట్టి, ఫోనుని సబ్బుపొడి ప్యాకెట్‌కి ఆనించి పెట్టింది. వెనకాల ఎవరివో లుంగీలు ఆరుతున్నాయని కెమెరా ఆపేసింది. తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది, కింద ‘వేచి ఉండండి’ అని ఉంది. అమ్మాయి దాన్ని చూస్తూ గోళ్లు కొరుక్కుంటోంది.

"ఏజెంటు నా రెజ్యూమెలో ఆటోమేషన్‌లో ఏళ్ల తరబడి అనుభవం అని రాసి పారేశాడక్కా," అంది నర్సక్కతో. "నేను చేసిందంతా చేత్తో చేసే టెస్టింగే. మెషీన్ చేత చేయించేది ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నా. వాళ్లు దాని గురించి అడగ్గానే నా గొంతు పట్టేస్తుంది. పోయినసారి అబద్ధం సగంలో ఉండగానే దగ్గొచ్చింది."

"నిజం చెప్పెయ్ మరి," అంది నర్సక్క.

"చెబితే ఫోను పెట్టేస్తారు. ఒక్కో ఉద్యోగానికి ఊరంత జనం నిలబడ్డారు."

"నిన్న టీవీలో చూశారా?" అన్నాడు డ్రైవరన్న. "ఒకాయన బల్ల గుద్ది మరీ చెబుతున్నాడు, బయటినించి వచ్చినవాళ్లందర్నీ పంపించేస్తే గాని దేశం బాగుపడదట. ముఖం ఎర్రగా అయిపోయింది పాపం."

"తెలుసు. టీవీవాళ్ల దగ్గర్నించి సరాసరి మా ఆసుపత్రికే వచ్చాడు. బీపీ చూసింది నేనే," అంది నర్సక్క ఆవలిస్తూ.

బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. డ్రైవరన్న నర్సక్క వైపు చూసి కన్ను గీటాడు.

"అమ్మడూ, నీ గొంతు ఎందుకు పట్టేస్తోందో చెప్పనా? అది చిన్న అబద్ధం. చిన్నది గొంతులో ఇరుక్కుంటుంది. చెబితే పెద్దది చెప్పాలి, నున్నగా జారిపోతుంది. అంటే, నేనెప్పుడూ చెప్పలేదనుకో. నాకు అవసరం రాలేదు. నా మొదటి కాంట్రాక్టు సంగతి విను, ధైర్యం అదే వస్తుంది. పెద్ద విషయం ఏమీ కాదు, ఆఫీసులో ప్రింటరు ఆగిపోయింది, అంతే. గొప్పలు చెప్పడం నాకు చేతకాదు, ఉన్నదున్నట్టు చెబుతా. ఇంతింత చదువులు చదివినవాళ్లంతా దాని చుట్టూ చేరి తల గోక్కుంటున్నారు. నేను వెళ్లి, దాని వీపు మీద చెయ్యేసి, ఏమ్మా ఏంటి నీ బాధ అన్నా. ఆపి, మళ్లీ ఆన్ చేశా. టకటకా మొదలెట్టింది చూడూ, వచ్చే వారం ఇవ్వాల్సిన కాగితాలు కూడా ఇచ్చేసింది!"

"వచ్చే వారానివి ఇంకా ఎవరూ పంపలేదు కదా?" అంది టెస్టరమ్మాయి. అలవాటు కొద్దీ అడిగింది, పాపం.

"అదేనమ్మా విశేషం! సరే, అప్పుడే ఈ గోల మొదలైంది, బయటివాళ్లు వద్దు, ఉన్నవాళ్లే చాలు అని. మా బాస్ నన్ను పిలిచి, బాబూ రేపట్నించి రావద్దు అన్నాడు. నేను పల్లెత్తు మాట అనలేదు. బ్యాగు భుజాన వేసుకుని గుమ్మం దాటా. దాటానో లేదో, ఆ తర్వాత ఏమైందో తెలుసా? లోపల కాఫీ మెషీన్ ఆగిపోయింది. లిఫ్టు ఆగిపోయింది. కార్డు గీకితే తెరుచుకునే తలుపులన్నీ బిగుసుకుపోయాయి. ఆఫీసు మొత్తం లోపల, నేనొక్కణ్ణీ బయట!"

"బయట ఉన్నవాడివి, లోపల కాఫీ మెషీన్ ఆగిందని నీకెలా తెలిసింది బాబాయ్?" అంది టెస్టరమ్మాయి మళ్లీ.

"అద్దాల గోడలు తల్లీ! కాఫీ పడని ముఖాలు దూరాన్నించే తెలిసిపోవూ? మా బాస్ వచ్చి అద్దానికి ముక్కు ఆనించి ఏడ్చాడు. నోటితో ఊది, ఆ ఆవిరి మీద వేలితో ‘మళ్లీ రా నాయనా, జీతం రెట్టింపు’ అని రాశాడు. అదీ తిరగేసి రాశాడు పాపం, బయటున్న నాకు సరిగ్గా కనపడాలని. అంత మర్యాదస్తుడు అడిగితే కాదంటామా?"

నర్సక్క నవ్వు ఆపుకుంటూ ఆరిన దుప్పటి తీసి మడతపెట్టడం మొదలెట్టింది. డ్రైవరన్న రెండో కొస అందుకున్నాడు. టెస్టరమ్మాయి ఫోను వైపు ఒకసారి చూసి, తెలియకుండానే స్టూలు బాబాయ్ వైపు జరుపుకుంది.

"అక్కడితో అయిపోయిందనుకున్నారా? పర్మిట్ ఆఫీసువాళ్లు పిలిచారు. నీ గడువు అయిపోయింది, నిన్ను పంపించేస్తున్నాం అన్నాడు అధికారి. చిత్తం, పంపించండి అన్నా. బటన్ నొక్కాడు. సిస్టం గుడ్లు తేలేసింది! మళ్లీ నొక్కాడు, ఉలుకూ పలుకూ లేదు. ఆయన ఇటు చూశాడు, అటు చూశాడు, మెల్లగా నా దగ్గరికొచ్చి, మీకేమైనా తెలుసా అన్నాడు. చూశారా తిరకాసు? నన్ను పంపించాలంటే సిస్టం నడవాలి, సిస్టం నడవాలంటే నేనుండాలి! ఇంకెవరైనా అయితే వదిలేసి పోయేవాడు. నేను ధర్మాత్ముణ్ణి, బాగుచేశా. కాకపోతే చిన్న మార్పు చేశా. నన్ను పంపించే బటన్ నొక్కితే ‘నిజంగానా?’ అని అడుగుతుంది. అవునంటే ‘బాగా ఆలోచించుకున్నారా?’ అంటుంది. అవునంటే ‘ఇంట్లోవాళ్లని అడిగారా?’ అంటుంది. ఆయన ఇప్పటికీ నొక్కుతూనే ఉన్నాడు, మధ్యలో రిటైరయ్యాడు, ఇప్పుడు వాళ్ల అల్లుడు నొక్కుతున్నాడు!"

డ్రైవరన్న చేతిలోని దుప్పటి కొస జారిపోయింది. "అమ్మ బాబాయో!" అన్నాడు.

"ఆగవయ్యా. ఈ సంగతి చట్టసభ దాకా పాకింది. బయటివాళ్లు ఉండాలా పోవాలా అని పెద్ద చర్చ. పొమ్మనేవాళ్లు ఓ పక్క, ఉండమనేవాళ్లు ఓ పక్క. ఒకాయన లేచి, వీళ్లు మన ఉద్యోగాలు లాక్కుంటున్నారు అనబోయాడు. మైకు పోయింది! ఆ పక్కాయన లేచి, వీళ్లు లేకపోతే మనకు గడవదు అనబోయాడు. అదీ పోయింది! కబురంపారు. వెళ్లా. బల్ల కింద దూరి, తెగిన రెండు వైర్లూ పళ్లతో పట్టుకున్నా. అప్పుడు పలికాయి మైకులు. మీరే చెప్పండి, ఆయన నన్ను తిట్టాలన్నా నేనే వైరు పట్టుకోవాలి, ఈయన నన్ను పొగడాలన్నా నేనే పట్టుకోవాలి. తిట్టినంతసేపూ పట్టుకున్నా! మధ్యలో కదిలితే ఒట్టు. నాకు విసుగొచ్చి ఒక్క ఆవలింత తీశా, సభ వాయిదా పడింది."

ఈసారి నర్సక్క ఆపుకోలేకపోయింది. దుప్పటి మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. టెస్టరమ్మాయి గోళ్లు కొరకడం ఎప్పుడు మానేసిందో ఆమెకే తెలియదు.

"అయినా పంపేశారు," అన్నాడు బాబాయ్ గంభీరంగా. "ఓట్లు వేసి, చేతులు కట్టుకుని, కళ్లనీళ్లు పెట్టుకుని మరీ విమానం ఎక్కించారు. మేఘాల మీద ఉండగా ఆ తర్వాత ఏమైందో తెలుసా? పైలటు ముందున్న తెరలన్నీ నల్లబడ్డాయి. మైకులో, ప్రయాణికుల్లో ఎవరైనా కంప్యూటరు కాంట్రాక్టరు ఉన్నారా అని అడిగారు. విమానం విమానమంతా లేచి నిలబడింది! అందరూ మనవాళ్లే, అందర్నీ పంపించేస్తున్నారు మరి. అందరూ ఒక్కసారి లేచి ముందుకు పరిగెత్తేసరికి విమానం ముక్కు కిందకి వంగింది. కూర్చోండ్రా అని ఒక్క అరుపు అరిచి, నేనెళ్లా. చూశా. మన దగ్గరున్న మందు ఒకటే. విమానాన్ని ఆపేశా."

"గాల్లోనా!" అన్నాడు డ్రైవరన్న.

"గాల్లోనే. ఇంజన్లు, లైట్లు, అన్నీ. నిశ్శబ్దం. అలాగే నిలబడింది, బల్ల మీద గ్లాసు పెట్టినట్టు. పది లెక్కపెట్టా. మళ్లీ ఆన్ చేశా. బుద్ధిగా లేచి వెనక్కి తిరిగింది! మేం దిగేసరికి దేశం దేశమంతా రన్‌వే మీద ఉంది. పొమ్మన్నాయన ఒక పక్క, ఉండమన్నాయన ఒక పక్క, ఇద్దరూ నా బ్యాగు కోసం కొట్టుకున్నారు. జీవితాంతం పర్మిట్ ఇస్తామన్నారు. నాకొద్దు పొమ్మన్నా. నేనే వాళ్లకిచ్చా. ఈ దేశం ఇప్పుడు నేనిచ్చిన పర్మిట్ మీద నడుస్తోంది! ఏటా వచ్చి పొడిగించుకుపోతారు. అదమ్మా అమ్మడూ, ఇంటర్వ్యూ అంటే అలా మాట్లాడాలి!"

బాబాయ్ చేతులు చాచి, చప్పట్ల కోసం ఆగాడు. టెస్టరమ్మాయి చెంప మీద వేలు పెట్టుకుని ఆలోచిస్తోంది.

"బాబాయ్, నాకొకటి దొరికింది."

"అడుగు తల్లీ, ఎన్నయినా అడుగు."

"ప్రింటరు. తలుపులు. పర్మిట్ ఆఫీసు. మైకులు. విమానం. చోట్లు వేరు, మనుషులు వేరు, మెషీన్లు వేరు. అన్ని చోట్లా ఉన్నది ఒక్కటే. నువ్వు."

"మరి? బాగుచేసింది నేనేగా!"

"బాగుచేశానని నువ్వంటున్నావు. కానీ చెడిపోయినప్పుడల్లా అక్కడ నువ్వే ఉన్నావు. మా పనిలో ఇలాంటిది తగిలితే ముందు దాన్ని తీసి పక్కన పెడతాం. మిగతావన్నీ వాటంతటవే నడుస్తాయి."

బాబాయ్ నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. ఆయన్ని అలా ఎవరూ ఎప్పుడూ చూడలేదు. నర్సక్క పడీపడీ నవ్వింది, డ్రైవరన్న మెషీన్‌ని పట్టుకుని నవ్వాడు, టెస్టరమ్మాయికీ నవ్వాగలేదు. ముగ్గురూ ఆపాక కూడా గదిలో ఒక నవ్వు మిగిలింది.

అది ఫోనులోంచి వస్తోంది.

అమ్మాయి గబుక్కున ఫోను అందుకుంది. తెర మీద చక్రం లేదు. కెమెరా ఆపిందే గాని, మైకు ఆపడం మరిచిపోయింది.

"కంగారుపడకండి," అంది ఒక ఆడమనిషి గొంతు, చక్కటి తెలుగులో. "మాదీ మీ భాషే. నేను చేరేసరికి బాబాయ్‌గారు పర్మిట్ ఆఫీసులో ఉన్నారు. మధ్యలో ఆపబుద్ధి కాలేదు. మనం మొదలెడదామా? మీ రెజ్యూమెలో ఆటోమేషన్ అని..."

ఏజెంటు నేర్పిన మాటలన్నీ నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి. అమ్మాయి బాబాయ్ వైపు చూసింది, నెలాఖరు తలుచుకుంది. ఇక ఏదైతే అదవుతుందనుకుంది.

"అది నిజం కాదు మేడమ్. ఏజెంటు రాశారు. నాకు వచ్చింది చేత్తో చేసే టెస్టింగ్. ఆటోమేషన్ ఇప్పుడే నేర్చుకుంటున్నాను." గొంతు పట్టెయ్యలేదు, దగ్గు రాలేదు.

నర్సక్క ఆమె భుజం గట్టిగా పట్టుకుంది.

"తెలుసు. మీ ఏజెంటు పంపే ప్రతి రెజ్యూమెలోనూ ఆ వాక్యమే ఉంటుంది," అంది మేడమ్. "పొద్దున్నించి అందరూ నాతో అది తమకు వచ్చనే చెప్పారు. ఇక్కడ మాకు రోజూ ఏదో ఒక సర్వరు పడిపోతోంది, ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతున్నారు. పడిపోయినప్పుడల్లా అక్కడ ఉన్నదేమిటని అడిగే మనిషి నాకు దొరకలేదు. ఇప్పుడు దొరికింది. పర్మిట్ సంగతి మావాళ్లు చూసుకుంటారు, నెలాఖరు దాకా ఆగక్కర్లేదు. సోమవారం రాగలరా?"

"వస్తాను మేడమ్!" అన్న అరుపుకి ఆ అంతస్తులో తలుపులు తెరుచుకున్నాయి. నర్సక్క మడతపెట్టిన దుప్పటి మొత్తం విప్పి అమ్మాయిని చుట్టేసింది. డ్రైవరన్న ఈల వేశాడు.

బాబాయ్‌కి ప్రాణం లేచొచ్చింది. "చూశారా! నా కథ వినకపోతే ఈ ఉద్యోగం వచ్చేదా? అమ్మడూ, సోమవారం నేనే దగ్గరుండి మీ ఆఫీసు లోపలిదాకా వచ్చి, నిన్ను కుర్చీలో కూర్చోబెట్టి..."

"అయ్యయ్యో, వద్దండీ బాబాయ్‌గారూ!" అంది ఫోను. "మా సర్వర్లు ఇవాళే కాస్త లేచి కూర్చున్నాయి."