నానబెట్టిన బొంత

ఏమిటే అది? ఇటు తే, ఇటు తే. ముందు ఆ లైటు వెయ్యి. అబ్బో, ముక్కల దుప్పటి! ఎక్కడ కొన్నావ్? చేత్తో కుట్టిందని చెప్పి అమ్మాడా? వాడి మొహం! అరవై ఏళ్ళు మిషను తొక్కినవాణ్ణి, ఈ తాతకి చెబుతాడా వాడు! ఈ కుట్టు చూడు, పట్టాల మీద రైలు పోయినట్టు లేదూ? చెయ్యి అంత తిన్నగా పోదే తల్లీ. చెయ్యన్నాక ఒకచోట అలుస్తుంది, ఒకచోట తొందరపడుతుంది, ఎవరైనా పిలిస్తే ఒకచోట వంకర పోతుంది. కుట్టు చూసి ఆ పూట ఆ మనిషి ఎలా ఉందో చెప్పెయ్యచ్చు. మా వదిన కుట్టిన బొంతయితే... ఏంటీ, ఏ వదినా? మీ నాన్న నీకు చెప్పలేదూ? పెద్దమ్మ చంకలో పెరిగినవాడు, ఒక్క ముక్క చెప్పలేదూ! వాడికి నోరు తెరిస్తే ఆఫీసు తప్ప ఇంకేం రాదులే. కూర్చో. ఆ అంచు మీద కాదు, సరిగ్గా కూర్చో. ఇది రెండు నిమిషాల్లో తేలే కథ కాదు.

మా అన్నయ్య వడ్రంగి, నేను టైలరు. ఇల్లూ పని షెడ్డూ ఒకటే ఆయనకి. ఓ మధ్యాహ్నం అంటుకుంది. ఎలా అంటుకుందో ఈనాటికీ తెలీదు. చెక్కపొట్టు కదా, అంటుకుంటే ఆగుతుందా? వదిన బజారుకెళ్ళింది. అన్నయ్య బయటికి వచ్చేశాడు, వచ్చినవాడు వచ్చినట్టు ఉండక, రంపాలు లోపలే ఉన్నాయని మళ్ళీ వెళ్ళాడు. అంతే. వద్దులే, అది ఇప్పుడొద్దు. వదిన కట్టుబట్టలతో మా ఇంటికొచ్చింది. చేతిలో తాళంచెవి ఒక్కటే. ఇల్లు లేదు గానీ ఆ ఇంటి తాళంచెవి మాత్రం గుప్పిట్లో పట్టుకుని కూర్చునేది. రెండు నెలలు నోట మాట లేదు. అన్నం పెడితే తినేది, లేకపోతే లేదు. మా కొట్టు వెనకాల ఓ గది ఉండేది, నేను కత్తిరించగా మిగిలిన గుడ్డ పేలికలన్నీ గోనెసంచుల్లో కుక్కి అందులో పడేసేవాణ్ణి. ఆ గదే ఇచ్చాం. వేరే గది ఏది మనకి? ఓ రోజు పొద్దున కాఫీ ఇద్దామని వెళ్తే ఏముందక్కడ! పేలికలన్నీ రంగు రంగుకీ విడివిడిగా కుప్పలు పోసి మధ్యలో కూర్చుంది. "మరిదీ, సూదుందా?" అంది. రెండు నెలల తర్వాత మొదటి మాట! నేను చేతిలో కాఫీ ఒలకబోసుకుని పరిగెత్తాను. సూదంటే సూదా! పన్నెండు సూదులు పట్టుకొచ్చాను, దారం కండెలు నాలుగు పట్టుకొచ్చాను. "షాపు పెట్టమన్నానా?" అంది. ఎగిరి గంతేశాను, నిజంగా!

ఇంక మీ నాయనమ్మ సంగతి. ఆఁ, నువ్వు చూసినప్పటికి ముసలిదైపోయి మెత్తబడింది గానీ, వయసులో ఉన్నప్పుడు ఆవిడ నోటికి మా వీధంతా హడలే. వదినకీ మీ నాయనమ్మకీ ఉప్పూ నిప్పూ. వదిన మాట్లాడ్డం మొదలెట్టిందని నేను సంబరపడితే, ఆ మాటలన్నీ మీ నాయనమ్మతో పోట్లాటకే ఖర్చయ్యేవి. "అక్కా, బకెట్టు ఇక్కడ పెట్టింది ఎవరు?" "నేనే పెట్టా, నీ తలమీద పెట్టలేదుగా?" "నా తలమీద పెట్టినా బాగుండేది, కాలికి తగిలింది!" ఇలా. పొయ్యి దగ్గర ఒకటి, తాడు మీద బట్టలారేసే చోట ఒకటి. నేను కొట్టులో కూర్చుని కస్టమరు మెడ కొలతకి నడుం కొలత రాసేసేవాణ్ణి. నా తల ప్రాణం తోకకొచ్చేదనుకో. ఏం చెబుతున్నా? ఆఁ, బొంత.

ఊరికే బొంత కాదే అది. ముందు ఆ పెరడు సంగతి చెప్పాలి. కొట్టు వెనక అంతా పెంకులు, బూడిద, విరిగిన గుండీలు, తుప్పు పట్టిన డబ్బాలు. పదేళ్ళుగా మేమే పోశాం. వదిన ఓ చిన్న పార పట్టుకుని నెల రోజులు తవ్వింది. అరచేతులు బొబ్బలెక్కిపోయాయి. నేను వెళ్ళి "వదినా, ఎందుకీ చాకిరీ, మనుషుల్ని పెట్టిస్తా" అంటే, పార ఆపకుండా అంది: "సూది గుచ్చుతున్నంతసేపూ నాకా మంట కనబడదు మరిదీ. మట్టి తవ్వుతుంటే ఆ వాసన పోతుంది. ఈ రెండూ నా దగ్గర్నుంచి తీసుకోకు." నేనూ ఓ పార తెచ్చుకున్నాను.

ఇక గింజలు! కొనలేదు, ఒక్కటీ కొనలేదు. కొలతలివ్వడానికి ఎవడొచ్చినా తలుపు పక్కనుంచి అడిగేసేది. "బాబూ, మీ ఇంట్లో చిక్కుడు పాదుందా? నాలుగు గింజలు తెచ్చిపెట్టు." పోస్టుమాన్ వంగ గింజలు తెచ్చాడు. నర్సమ్మ బంతి గింజలు. లెక్కల మాస్టారు బీర గింజలు తెచ్చి, "ముప్పై ఆరున్నాయమ్మా" అని మరీ అప్పజెప్పాడు! తెచ్చినవి తెచ్చినట్టు ఎలుకలు తినేసేవి. డబ్బాలో పెడితే మూత తోసేవి, పొట్లం కట్టి ఉట్టిలా వేలాడదీస్తే దారం పట్టుకుని దిగేవి, సర్కసు ఎలుకలు! వదినకి చదువు రాదు, ఏ పొట్లంలో ఏముందో గుర్తూ ఉండదు. అప్పుడేం చేసిందో తెలుసా? విను, విను! ఎవరు గింజలు తెచ్చారో వాళ్ళ బట్ట పేలిక నా దగ్గర ఉంటుందిగా? ఆ ముక్కని బొంత మీద వేసి, దాని కింద ఆ గింజలు పోసి, చుట్టూ కుట్టేసింది! పోస్టుమాన్ ఖాకీ ముక్క కింద వంగ గింజలు. నర్సమ్మ తెల్ల ముక్క కింద బంతి. మాస్టారి నీలిగీతల చొక్కా కింద బీర. కప్పుకుని పడుకుంటే ఎలుక వస్తుందా? మనిషి ఉంది కదా లోపల! రెండో వానాకాలం వచ్చేసరికి నలభై ముక్కల బొంత. వీధి వీధంతా ఆవిడ మీద కప్పినట్టుండేది. అంత పెద్ద బొంత ఒక్కత్తే కుట్టలేక ముక్కలు లాగి పట్టుకోమని మీ నాయనమ్మని పిలిచేది. పట్టుకుంటూ పోట్లాడేది ఈవిడ. "ఇది వంకరగా ఉంది." "నీ కళ్ళు వంకర." అలా అలా కుట్టేశారు ఇద్దరూ.

సరిగ్గా అప్పుడు దిగాడు వదిన వాళ్ళన్నయ్య. నాకు వరసకి బావగారు. నిలువెత్తు మనిషి, ఎండా వానా లేకపోయినా చేతిలో గొడుగు. దూరపు ఊళ్ళో కిరాణా వ్యాపారం. చెడ్డవాడు కాదు, అబద్ధం ఎందుకు చెప్పాలి? "నా చెల్లెలు మరిదింట్లో పేలికల గదిలో పడుండడమేంటి? మాది మేడ. పిల్లలు నలుగురు, మా ఆవిడకి నడుం నొప్పి. చెల్లెలుంటే ఇంటికి నిండుతనం" అన్నాడు. అంటే ఏంటి? వంటా, నలుగురు పిల్లలూ, ఆ నడుమూ, అన్నీ ఆవిడ నెత్తిమీద. "పెరడుందా బావగారూ?" అన్నాను. "నేలంతా సిమెంటు చేయించా, మట్టన్న మాటే లేదు" అన్నాడు గొప్పగా. వదిన నా వైపు చూసింది. మీ నాయనమ్మ వైపు చూసింది. ఉండిపొమ్మని ఒక్కళ్ళం, ఒక్కళ్ళమైనా అంటామేమోనని చూసిందే! నేను... అనలేకపోయాను. వయసులో చిన్నవాణ్ణి, సొంత అన్న వచ్చి తీసుకెళ్తానంటే ఏ హక్కుతో ఆపను? పైగా మీ నాయనమ్మ ఏమంటుందోనని భయం. ఆవిడ ఏమందో తెలుసా? "వెళ్తే హాయిగా వెళ్ళు అక్కా. బకెట్టన్నా పెట్టినచోట ఉంటుంది." వదిన మొహం ఎలా అయిపోయిందో! "అలాగే అన్నయ్యా, రేపు పదింటి బస్సుకి వెళ్దాం" అంది. బొంతతో సహా అప్పుడే మూట కట్టేసుకుంది. ఆ రోజంతా పెరట్లోనే ఉంది, మొదటి వానకి ఎలుకలు వదిలిన గింజలతో లేచిన ఒక్కో మొక్క దగ్గరా కాసేపు.

మర్నాడు పొద్దున్నే వదిన కేక! "నా బొంతేది? మూటలో బొంత లేదు!" ఇల్లంతా వెతికాం. బావగారు మంచం కింద గొడుగు పెట్టి మరీ కెలికాడు. చివరికి చూస్తే స్నానాల గదిలో తొట్టినిండా నీళ్ళు, నీళ్ళలో బొంత! నిన్నట్నించీ నానుతోంది! మీ నాయనమ్మ చేతులు నడుం మీద పెట్టుకుని, "నేనే వేశా. చెమట వాసన కొడుతోంది, దాన్ని మోసుకుని పోతే మా పరువేం కాను? ఉతికి ఇద్దామనుకున్నా, మర్చిపోయా" అంది. నేను తిట్టానే! జీవితంలో మొదటిసారి ఆవిణ్ణి నలుగురి ముందు తిట్టాను. "నీకు బుద్ధుందా, గడ్డి తింటున్నావా, అందులో ఏమున్నాయో తెలీదా" అని. తలొంచుకుని నిలబడింది. మారు మాట లేదు! నాకప్పుడు అనుమానం రావద్దూ? రాలేదు. వదిన తొట్టి పక్కన కూలబడి, నీలిగీతల ముక్క కుట్టు పళ్ళతో తెంపింది. బీర గింజలు ఉబ్బి ఇంతింతయ్యాయి. చిక్కుళ్ళయితే పొట్టు చీలి తెల్లగా మొన బయటికొచ్చేసింది. "అన్నయ్యా, ఇవి ఇవ్వాళ మట్టిలో పడకపోతే కుళ్ళిపోతాయి" అంది. ఆయన గడియారం చూసుకున్నాడు. "బస్సు..." అన్నాడు. ఆ తెల్ల మొన చూశాడు. ఎంతైనా రైతు కొడుకే కదా, పుట్టుక ఎక్కడికి పోతుంది? గొడుగు గోడకి ఆనించి, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, "పార ఏదీ?" అన్నాడు!

అబ్బ, ఆ రోజు! కొట్టు మూసేశాను నేను. నలభై ముక్కలు విప్పడం, నలభై పాదులు చెయ్యడం! మీ నాన్నని చంకనేసుకుని మీ నాయనమ్మ నీళ్ళు మోసింది. వదిన కుట్టు తెంపి, "ఇది పోస్టుమాన్", "ఇది నర్సమ్మ" అంటూ చేతిలో పెడుతుంటే బావగారు బోర్లా వంగి నాటడం! మొహమంతా మట్టి. పదింటి బస్సు పోయింది, మూడింటిది పోయింది. సాయంత్రానికి నడుం పట్టేసి ఆయనే మా ఇంట్లో పడుకున్నాడు. మర్నాడు లేచి "పద చెల్లీ" అంటే, "మొలక చూడకుండా ఎలా రాను, వారం ఆగి రా అన్నయ్యా" అంది. వారానికొచ్చాడు. "పాదులు పందిరెక్కాలి కదా." నెలకొచ్చాడు. "ఇప్పుడే పూత పట్టింది, పిందె నిలవాలి." మూడోసారి వచ్చినప్పుడు అడగనే లేదు పాపం. రెండు సంచుల బీరకాయలు మోసుకుని, నవ్వుకుంటూ బస్సెక్కాడు. అంతే, ఇరవై ఆరేళ్ళు ఉండిపోయింది మా వదిన. బొంతలు కుట్టి అమ్మింది, ఆ గది పక్కన ఇంకో గది తన డబ్బుతో కట్టుకుంది, వీధి వీధికీ గింజలు పంచింది. బొంతల పెద్దమ్మంటే తెలియనివాడు లేడు. మీ నాయనమ్మతో పోట్లాట మాత్రం ఒక్కరోజు మానలేదు!

వదిన చనిపోయిన ఏడాది... నువ్వింకా పుట్టలేదు. మీ నాయనమ్మ తొట్టిలో దుప్పట్లు నానేస్తోంది. గుప్పెడు సోడా, అరచెక్క సబ్బు వేసి కర్రతో పొడుస్తోంది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నా. చటుక్కున తట్టింది నాకు. ఆ రోజు తొట్టిలో నేనే చెయ్యి పెట్టి బొంత తీశాను కదా, నీళ్ళు తేటగా ఉన్నాయి. నురగ లేదు, సబ్బు వాసన లేదు. వట్టి మంచినీళ్ళు! "ఏమే, ఆ బొంత నానేసినప్పుడు సబ్బెందుకు వెయ్యలేదు?" అన్నాను. కర్ర ఆపలేదు ఆవిడ. "ఇన్నేళ్ళకి వెలిగిందా బుర్ర? సబ్బేస్తే గింజ చచ్చిపోదూ?" అంది. నోట్లో నువ్వుగింజ నానని మనిషే, ఇంత సంగతి కడుపులో దాచుకుంది! "మరి ఉండమని నోటితో అనచ్చుగా?" అన్నాను. "నేను ఉండమంటే ఉండేదా? జాలి పడ్డానని ఒకరోజు ముందే పోయేది" అంది. మళ్ళీ నేనే అడిగాను, వదినకి తెలుసా ఈ సంగతి అని. కర్ర వదిలేసింది. తడి చేత్తోనే మొహం తుడుచుకుని, "తెలీకపోతే ఇరవై ఆరేళ్ళు నాతో అంత హాయిగా పోట్లాడేదా?" అంది.

...

ఊఁ? ఏం లేదు, ఏం లేదు. ఇదిగో, నీ దుప్పటి తీసుకెళ్ళు. మీ నాన్న ఎన్నింటికి వస్తానన్నాడు?