అడుగున్నర వంకర

నా వయసు అరవై రెండేళ్లు. వృత్తి టెంట్లు వేయడం. అసలు పేరు రికార్డులో రాసుకున్నారు గానీ, ఆ పేరుతో అడిగితే మా ఇల్లు ఎవరూ చూపించరు. "వంకర టెంటు ఇల్లెక్కడ?" అంటే చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. చదువు ఏడో తరగతి. సంతకం చేయగలను.

ఈ రోజు పదకొండో తారీఖు, బుధవారం, ఉదయం పదకొండూ ఇరవైకి మేజిస్ట్రేటు గారి ఎదుట నా అంతట నేనే ఈ మాటలు చెబుతున్నాను. నన్నెవరూ బెదిరించలేదు, ఆశ చూపించలేదు. మా వకీలు గారు మాత్రం నోరు మూసుకుని ఇంటికి వెళ్లమన్నారు. గెలిచాక మళ్లీ కోర్టు మెట్లెక్కడం కొరివితో తల గోక్కోవడమేనన్నారు. అయినా వచ్చాను. నిన్న పచ్చిక మీద విచారణాధికారి గారి ముందు నేను ఒక అబద్ధం చెప్పాను. ఒక్కటే. మిగతాదంతా నిజం. ఆ ఒక్కటి సరిచేసి పోదామని వచ్చాను.

పచ్చిక అంటే ఊరి మధ్యలో, స్కూలు వెనక, మా ఇంటికి ఎదురుగా ఉన్న రెండెకరాల గడ్డి నేల. ఊళ్లో ఏ పెళ్లయినా, స్కూలు బహుమతుల సభయినా, రక్తదాన శిబిరమయినా నా టెంటు అక్కడే వేస్తాను. ఎవరైనా పోయినప్పుడు వచ్చినవాళ్లు తడవకుండా కూర్చోవడానికి కూడా అక్కడే. ప్రతిసారీ గుంతలు తవ్వితే గడ్డి పాడవుతుందని, ముప్పై ఏళ్ల కిందట ఇరవై నాలుగు ఇనప గొట్టాలు నేలలో పాతి చుట్టూ సిమెంటు పోశాను. గొట్టం మూతి నేలకు సమంగా ఉంటుంది, దానికో చెక్క బిరడా. టెంటు గుంజలు వాటిలో దింపితే చాలు. టెంటు తీసేశాక గడ్డి కప్పేస్తుంది. తెలియనివాళ్లకు అక్కడ ఏమీ ఉన్నట్టే కనపడదు.

ఈ నెల రెండో తారీఖు సోమవారం ఉదయం ఆరూ పదికి ఇళ్లు కట్టే కంపెనీ వాళ్లు వచ్చి పచ్చిక చుట్టూ రేకుల కంచె కట్టారు. నూట ఇరవై ఇళ్లు వస్తాయని బోర్డు పెట్టారు. బోర్డు మీది బొమ్మలో ఇళ్ల ముందు గడ్డి వేసి ఉంది. మా గడ్డి లాక్కుని మాకే బొమ్మలో చూపించారు. నాకు ఒళ్లు మండింది.

వాళ్ల సైటు మేనేజరు పరాయివాడు కాదు. మా నాలుగో వీధిలో పుట్టి పెరిగినవాడే. నన్ను బాబాయ్ అంటాడు. "ఇది ఎవరూ వాడని ఖాళీ స్థలం బాబాయ్. కాగితాల్లో అలాగే ఉంది" అన్నాడు.

"మరి నా గొట్టాలో?" అన్నాను.

"ఏ గొట్టాలు?" అన్నాడు.

కంచె సందులోంచి లోపలికి దూరి, గునపం మొనతో గడ్డి గీకి, ఒక బిరడా ఊడదీసి చూపించాను. అదే నేను చేసిన నేరం. మర్నాడు కంపెనీ వాళ్లు నా మీద ఫిర్యాదు ఇచ్చారు. ఊరివాళ్లతో కలిసి వాళ్ల స్థలంలో చొరబడ్డానని, దొంగ సాక్ష్యం కోసం కొత్తగా గొట్టాలు పాతానని అందులో రాశారు. సాయంత్రం నాలుగింటికి స్టేషనుకు పిలిచారు. రెండు గంటల నలభై నిమిషాలు బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆ బెంచీకి ఒక కాలు పొట్టి. కాగితం మడిచి కింద పెట్టి సరిచేశాను. నన్ను దొంగ అన్నందుకు బాధ లేదని అనను. ఉంది. కానీ అంతకంటే పెద్ద భయం ఇంకోటి. గొట్టాలు కొత్తవని తేలితే ఊరు ముప్పై ఏళ్లుగా అక్కడ చేసుకున్నదంతా లేనట్టే. పచ్చిక పోయినట్టే.

పదో తారీఖు మంగళవారం, అంటే నిన్న, ఉదయం పది గంటలకు విచారణాధికారి గారు పచ్చిక చూడటానికి వచ్చారు. మేనేజరు, వాళ్ల వకీలు, మా వకీలు, ఊరివాళ్లు రెండొందల మంది దాకా ఉన్నారు. టేపు లేకుండా గొట్టాలు చూపించగలరా అని అధికారి గారు అడిగారు. మొదటిదాని దగ్గర నిలబడి నడిచాను. గొట్టానికీ గొట్టానికీ మధ్య పన్నెండు అడుగులు, నాకది ఐదు అంగలు. ఐదు అంగలు, గునపం, బిరడా. ఐదు అంగలు, గునపం, బిరడా. మా ఆవిడ వెనకే బుట్ట పట్టుకుని బిరడాలు ఏరుకుంటూ వచ్చింది. అలా ఇరవై మూడు చూపించాను.

ఇరవై నాలుగోది మూల గొట్టం. దాని దగ్గర ఐదో అంగ పూర్తిగా వేయకుండానే ఆగాను. అది అడుగున్నర లోపలికి ఉంటుంది. టెంటుకు ఆ మూల వంకర, నా పేరుకు ఆ వంకర, రెండూ అక్కడి నుంచే.

కంపెనీ వకీలు నవ్వాడు. "చూశారా, హడావుడిగా పాతారు, కొలత తప్పింది. ఇవి పోయిన వారం పాతినవే" అన్నాడు.

అధికారి గారు నా వైపు తిరిగి, "ఇదొక్కటీ ఎందుకు వంకరగా ఉంది?" అన్నారు.

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ప్రతి పెళ్లికూతురి తండ్రీ అడిగిందే. అలవాటుగా నోటికొచ్చిన జవాబే చెప్పాను. "పాతిన రోజు కొలత తాడు రెండో కొస మా ఆవిడ పట్టుకుందండీ. పక్కింటావిడతో కబుర్లలో పడి వదులు చేసింది" అన్నాను. ఊరందరికీ తెలిసిన కథే కాబట్టి అందరూ నవ్వారు. మా ఆవిడ చేతిలో బిరడా పట్టుకుని నిలబడింది.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ మేనేజరు వాళ్లమ్మ వచ్చింది. చంకలో ఫొటో ఫ్రేము. గోడ మేకుతో సహా ఊడబెరుక్కొచ్చింది, మేకు తీగకు ఇంకా వేలాడుతూనే ఉంది. "అయ్యా, ఈ మూల చూడండి" అని అధికారి గారి చేతిలో పెట్టింది. అది ఆమె కొడుకు పెళ్లి ఫొటో, పద్నాలుగేళ్ల నాటిది. వెనక స్కూలు గోడ, ముందు టెంటు, ఆ మూల వంకర.

"అమ్మా, నువ్వు ఇంటికెళ్లు" అన్నాడు మేనేజరు.

"ఎవరూ వాడని స్థలమా? మరి నీ పెళ్లి ఎక్కడ జరిగిందిరా, గాల్లోనా?" అంది ఆమె.

మేనేజరు తల దించుకున్నాడు. ఇక ఎవరూ ఆగలేదు. ఎవరిళ్లకు వాళ్లు పరుగెత్తారు. పన్నెండున్నరకల్లా గడ్డి మీద నలభై ఒక్క ఫొటోలు పరిచారు. పెళ్లిళ్లు, బహుమతులు, ఒక సంతాప సభ. పోస్టుమాస్టరు ఒక ఫొటోలో ఒత్తు జుట్టుతో, ఇంకోదాంట్లో బట్టతలతో ఉన్నాడు. మనుషులు మారారు గానీ టెంటు మూల మారలేదు. అధికారి గారు ఒక్కో ఫొటో పట్టుకుని, అది తీసిన చోట నిలబడి, మూల గొట్టం వైపు చూశారు. "టెంటు సరిగ్గా ఉంటే ఎక్కడిదో చెప్పలేకపోయేవాణ్ణి. వంకరగా ఉంది కాబట్టి చెప్పగలుగుతున్నాను" అన్నారు.

మధ్యాహ్నం మూడూ పదిహేనుకు ఆయన సంతకం చేశారు. పచ్చిక ముప్పై ఏళ్లుగా ఊరందరి వాడుకలో ఉందని, ఇళ్ల అనుమతి రద్దని, నా మీద ఫిర్యాదు అబద్ధమని రాశారు. ఐదింటికి కంచె విప్పారు. మొదటి రేకు మేనేజరే విప్పాడు. వాళ్లమ్మ పక్కనే నిలబడి విప్పించింది. ఒక్కో రేకు దబ్బున పడుతుంటే ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది. నేను అరవై రెండేళ్ల మనిషిని, నిన్న సాయంత్రం గడ్డి మీద దొర్లాను. సంతోషం పట్టలేకపోయాను. తర్వాత నన్ను భుజాల మీద ఎత్తుకుని "వంకర టెంటుకు జై" అంటూ నాలుగు వీధులూ తిప్పారు. మా ఆవిడ బిరడాల బుట్టతో వెనక నడిచి వచ్చింది.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే మా ఆవిడ ఒక మాట అడిగింది. "గెలిపించింది ఆ వంకరేగా. వంకర నా వల్లే అయితే, భుజాల మీద నన్నెందుకు ఎత్తలేదు?"

అందుకే ఇక్కడికి వచ్చాను.

నిజం ఇది. ఇరవై మూడు గొట్టాలు పాతాక తాడు తెగింది. రెండు ముక్కలూ కలిపి ముడేశాను. ఆ ముడికి అడుగున్నర తాడు పోయింది. "మళ్లీ కొలువు" అని మా ఆవిడ చెప్పింది. రెండుసార్లు చెప్పింది. "నాకు తెలుసులే" అన్నాను. కొలవలేదు. సిమెంటు పోశాను. తెల్లారి పెళ్లి, టెంటు మూల వంకరగా లేచింది, పెళ్లికూతురి తండ్రి అడిగాడు, నేను మా ఆవిడ పేరు చెప్పాను. ఆ తర్వాత ముప్పై ఏళ్లూ అదే చెప్పాను. టెంటుకు కొత్త గుడ్డ కుట్టించినప్పుడు ఆ వంకరకే కొలత ఇచ్చాను గానీ నిజం చెప్పలేదు. ఆవిడ ఎవరితోనూ కబుర్లాడలేదు. ఆవిడ పట్టుకున్న కొస వెంట్రుక వాసి కూడా కదల్లేదు. అరచేతుల్లో తాడు గీతలు మూడు రోజులు ఉన్నాయి.

ఈ మాట తీర్పుకు అడ్డం రావచ్చు, తెలుసా అని మేజిస్ట్రేటు గారు అడిగారు. గొట్టం అక్కడే ఉంది, వంకరా అక్కడే ఉంది, తప్పు చేసిన మనిషి మాత్రమే మారాడని చెప్పాను. వంకర నాది. గెలుపు ఎవరిదో కూడా రాయాల్సి వస్తే, కొస వదలని మనిషిదని రాయమన్నాను.

నేను చెప్పింది చెప్పినట్టే రాసి, నాకు చదివి వినిపించారు. "తాడు" అని రాసిన ఒక చోట "ముడేసిన తాడు" అని మార్పించాను. ఇందులో కల్పించింది లేదు, దాచింది లేదు. ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. తాడు తెగిన దగ్గర నుంచి ఇంకోసారి చదవమని కోరింది. మేజిస్ట్రేటు గారి అనుమతితో మళ్లీ చదివారు.

(సంతకం)