చేతులన్నీ తాత దగ్గర

అన్న పెళ్ళికి చుట్టాలంతా కంబళి గుడారంలో చేరితే ఐజిరెక్ బయట గుర్రం చాటున నక్కింది. తాత వచ్చి పక్కన కూర్చున్నాడు. బుజ్జగించాలనిపించినా ఆమె మీద చెయ్యి వెయ్యలేదు.

"లోపలికి రావే."

"అత్తలంతా బుగ్గలు నిమురుతారు తాతా. చీమలు పాకినట్టుంటుంది. డాక్టరమ్మ ఆటిజం అంది, వాళ్ళేమో పొగరంటారు."

"పెళ్ళి చూడవా మరి?"

"చూడాలనే ఉంది."

"నా ఒంటె కూడా అంతే. పూర్వం మనల్నేలిన ఖాన్ నిమిరితే ఆయన టోపీ నమిలేసింది."

"ఖాన్‌ల కాలంలో నువ్వెక్కడున్నావ్?"

"ఒంటె ఉంది గదే! సరే, నేను దీవెన మొదలెడితే అందరూ ఏం చేస్తారు?"

"అరచేతులు చాపుతారు. నువ్వు ముగించేదాకా దించరు."

"మరి నిన్ను నిమిరేదెవరు?"

ఆమె ఫక్కున నవ్వింది.

తాత లోపలికెళ్ళి పెళ్ళికొడుకుని దీవించాడు, పెళ్ళికూతుర్ని దీవించాడు, గొర్రెల్నీ, పక్క గుడారం కుక్కనీ వదల్లేదు. ఈలోగా ఐజిరెక్ అందరికీ వంగి నమస్కరిస్తూ దర్జాగా వచ్చి ఆయన్ని గట్టిగా ఆనుకుని కూర్చుంది.

"ఇదేంటే, నేను తగలొచ్చా?" అన్నాడు తాత గుసగుసగా.

"గట్టిగా ఆనుకుంటే హాయే తాతా. ఇక ఆపు, మాంసం చల్లారిపోతోంది."

"అత్తల చేతులు వదిలెయ్యనా?"

"వదిలెయ్. ఇప్పుడవి నా బుగ్గల మీదికి రావు, పళ్ళెంలోకే పోతాయి."