పదికి తొమ్మిది

బయట గాలివాన మొదలైంది. విపత్తులను ఆసుపత్రి ఎంత తట్టుకుంటుందో మార్కులు వేయడానికి వచ్చిన అధికారిని పసిపిల్లల వార్డులో నర్సు ఆపింది.

"జనరేటరుకి ఎన్ని వేశారు సార్?"

"పదికి తొమ్మిది. కరెంటు తీయగానే రెండు సెకన్లలో అందుకుందిగా."

"మీరొస్తున్నారని ముందే ఆన్ చేసి వేడెక్కించారు సార్. చల్లగా ఉంటే మొరాయిస్తుంది."

"అప్పుడే నోరు విప్పలేదేం?"

"ఉద్యోగం పోతుందని. కానీ ఆ ఊపిరి మిషను మీదున్నది మా అక్క కూతురు."

"ఇప్పుడు వేడిగానే ఉందా?"

"పొద్దున మీరు సంతకం పెట్టగానే ఆపేశారు."

అంతలో కరెంటు పోయింది. దీపాలతో పాటు మిషన్లూ ఆగిపోయాయి.

"ఎనిమిది సెకన్లు, తొమ్మిది... జనరేటరు ఇంకా రాలేదు సిస్టర్."

"లెక్క తర్వాత సార్. మా పిల్లకి నేను చేత్తో గాలి కొడతాను. ఈ గాలి సంచి పట్టుకుని పక్క బిడ్డకి మీరు నొక్కండి."

"ఎప్పుడు నొక్కాలో తెలీదమ్మా."

"నా చేతులు చూడండి. నేను నొక్కినప్పుడల్లా మీరూ నొక్కండి."