సగంలో ఉన్నవాళ్లదే మాట

1991 జులై ఒకటో తేదీ ఉదయం, వానలో తడిసిన చీరతో, మా నీటి శుద్ధి కేంద్రంలో జూనియర్ కెమిస్టుగా చేరిన మేడమ్ గారు ఈ నెలాఖరున ప్రధాన కెమిస్టుగా పదవీ విరమణ చేస్తున్నారు. ఆ సందర్భంగా వెలువడుతున్న ఈ సంచికకు అభినందన వ్యాసం రాయమని నన్ను అడిగారు. నేను ఫిల్టర్ హౌస్ ఆపరేటర్ని. చదివింది ఊరి బడిలో.

"మృదుభాషి, స్నేహశీలి, అజాతశత్రువు. ఈ మూడూ పడేలా చూడండి బాబాయ్" అన్నాడు యూనియన్ కార్యదర్శి.

మేడమ్ గారు మృదుభాషి కారు. అజాతశత్రువు అంతకన్నా కారు. అజాతశత్రువు అని నేను రాస్తే ఈ కేంద్రంలో అందరూ నవ్వుతారు. ఎనిమిదేళ్లుగా నేను ఆమెతో నీళ్ల సంగతి తప్ప మరో మాట మాట్లాడలేదని అందరికీ తెలుసు.

"నన్నెందుకు అడుగుతున్నావ్? ఇంకెవరూ దొరకలేదా?" అన్నాను.

"నేను అడగలేదు బాబాయ్. మేడమే మీరు రాయాలన్నారు. మీరైతే పొగడరట."

అందుకని రాస్తున్నాను.

మేడమ్ గారు చేరిన కొత్తలో ప్రయోగశాల అంటే పంప్‌హౌస్ వెనక ఒక రేకుల గది. ఒక తొట్టి, ఒక బల్ల, సీసాల అర. నదినీళ్లు ఎంత మురికిగా వచ్చాయి, పటిక ఎంత కలపాలి, క్లోరిన్ ఎంత వేయాలి అన్నది ఆ గదిలోనుంచే చెప్పాలి. అంతకుముందున్న కెమిస్టు కిటికీలోంచి నదిని చూసి చెప్పేవాడు. మేడమ్ గారు ప్రతి పూటా శాంపిల్ తెప్పించి, పరీక్షించి, ఉన్నది ఉన్నట్టు రాసేవారు. అందుకే ఆమెకు ఉన్నదున్నట్టు మేడమ్ అని పేరు పడింది. ఆ పేరు పెట్టింది మా స్టోర్‌కీపరు. అతనికి నోటి దురుసు ఎక్కువ. పేరు మాత్రం సరిగ్గా పెట్టాడు.

ఒక వానాకాలం నది బురదతో పోటెత్తింది. ఫిల్టర్లు ఆ బురదను ఆపలేకపోయాయి. నీళ్లు తాగడానికి పనికిరావని మేడమ్ గారు రాశారు. పెద్ద ఇంజినీరు స్వయంగా రేకుల గదికి వచ్చారు.

"ఒక్క పూట సర్దుకోమ్మా. ఊరంతా నీళ్ల కోసం ఎదురుచూస్తోంది."

"నేను సర్దుకుంటాను సార్. నీళ్లు సర్దుకోవు."

సరఫరా ఆగింది. జనం గేటు దగ్గరకొచ్చి తిట్టారు. బురద తగ్గాక నీళ్లు వదిలారు, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ తర్వాత మేడమ్ గారిని నది ఎగువన ఉన్న పంపింగ్ స్టేషనుకు బదిలీ చేశారు. అక్కడ కెమిస్టుకు పనేమీ లేదు. అది శిక్ష అని అందరికీ తెలుసు. ఆమె సీసాలు సర్దుకుని వెళ్లారు.

ఈ కేంద్రంలో ఇప్పటికీ నడుస్తున్న ఒక అలవాటు ఆ శిక్షలోనే పుట్టింది. కొత్తవాళ్లకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. అక్కడ ఉన్నది ముగ్గురు మనుషులు: మేడమ్ గారు, పంపు డ్రైవరు, కాపలాదారు. వాళ్ల దగ్గర చదవడానికి ఉండేది ఒకటే పుస్తకం. ముగ్గురూ దాన్ని వంతులేసుకుని ఒకే రోజుల్లో చదివేవారు. ఒకరు ముందు పేజీల్లో, ఒకరు నడుమ, ఒకరు చివరికి దగ్గరలో. భోజనం దగ్గర మాట్లాడుకోకుండా ఉండలేరు. మాట్లాడితే వెనకున్నవాడికి కథ తెలిసిపోతుంది. దాంతో ఒక కట్టుబాటు చేసుకున్నారు. పుస్తకం గురించి మాట్లాడే హక్కు ఇంకా చదువుతున్నవాడికే; సగంలో ఉన్నవాళ్లదే మాట అన్నారు మేడమ్ గారు. చదవడం అయిపోయినవాడు పుస్తకం పక్కవాడి చేతిలో పెట్టి నోరు మూసుకోవాలి.

కొంతకాలానికి ఆమెను వెనక్కి పిలిపించారు. కొత్త ప్రయోగశాల కట్టారు. దాని వరండాలో మేడమ్ గారు పొడుగు బల్ల వేయించి, మధ్యాహ్నం అందరూ అక్కడే భోంచేసేలా చేశారు. క్యారేజీ పక్కన, చదువుతున్న పుస్తకం చదువుతున్న చోటే తెరిచి బోర్లించి పెట్టాలి. ఆ బల్ల దగ్గరికి వచ్చినవాళ్లను ఎవరూ బాగున్నారా అని అడగరు. ఎక్కడున్నారు అని అడుగుతారు.

"ఎక్కడున్నారు ఫిట్టర్ గారూ?"

"రెండో హత్య దగ్గరున్నానండీ. నాకు వంటమనిషి మీదే అనుమానం."

స్టోర్‌కీపరు ఆ పుస్తకం అప్పటికే చదివేశాడు. నవ్వాపుకోలేక తల వంచుకున్నాడు.

"ఆ నవ్వెందుకురా? నువ్వు నవ్వితే వంటమనిషి కాదన్నమాటేగా! హంతకుడెవడో చెప్పావంటే నీ క్యారేజీలో క్లోరిన్ పోస్తా."

నేను ఆ బల్ల దగ్గర కూర్చునేవాణ్ణి. పుస్తకం పెట్టేవాణ్ణి కాదు. నవలలు చదివే అలవాటు నాకు లేదు. మా ఇంటావిడకు ఉండేది. ఆవిడ ఇంట్లో బట్టలు కుట్టేది. మిషను పక్కన ఎప్పుడూ ఒక పుస్తకం ఉండేది. మేడమ్ గారు ఇచ్చిన పుస్తకం నా క్యారేజీ సంచిలో ఇంటికి వెళ్లేది, మా ఇంటావిడ అభిప్రాయం నా నోట బల్ల దగ్గరకు వచ్చేది.

"ఆ కథానాయకుడు మంచివాడు కాదట. వాళ్లమ్మ మాత్రం అందరూ అనుకుంటున్నంత చెడ్డది కాదట."

"అదెలాగన్నా? ఆవిడ కోడల్ని అంత ఏడిపించింది కదా!" అనేవాడు స్టోర్‌కీపరు.

"నన్నడక్కు. నేను పైపు లాంటివాణ్ణి. అటునుంచి వచ్చింది ఇటు వదులుతాను."

"పైపు లీకవ్వకుండా ఉంటే చాలు" అనేవారు మేడమ్ గారు.

ఆ ఇద్దరూ ఎదురెదురుగా కలిసింది బహు తక్కువ. అయినా ఒకరి సంగతి ఒకరికి బాగా తెలుసు. తర్వాత ఏం చదవాలన్నది మా ఇంటావిడ మేడమ్ గారినే అడిగేది. మేడమ్ గారు చెప్పిన పుస్తకం నచ్చకపోతే ఆ సంగతీ నిర్మొహమాటంగా చెప్పి పంపేది.

తర్వాత మా ఇంటావిడకు జబ్బు చేసింది. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, వైద్యం ఇక పనిచేయదని, ఎక్కువ రోజులు లేవని చెప్పాడు. నేను, మా మరదలు ఆలోచించుకుని ఆవిడకు చెప్పకూడదని నిర్ణయించుకున్నాం. నయమవుతోందనే చెబుతూ వచ్చాం. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

ఒక పొద్దున నేను డ్యూటీకి బయలుదేరుతుంటే ఆవిడ మంచం మీదినుంచి పిలిచింది.

"ఏమండీ, మేడమ్ పంపిన పుస్తకాలు రెండున్నాయి. ఒకటి లావుది, ఒకటి చిన్నది. ఏది మొదలుపెట్టమంటారో అడిగి రండి. ఆవిడ ఏదంటే అది."

మధ్యాహ్నం బల్ల దగ్గర అడిగాను.

"లావుదే చదవమను, అన్నా. తలగడకీ పనికొస్తుంది" అన్నాడు స్టోర్‌కీపరు. అందరూ నవ్వారు.

మేడమ్ గారు నవ్వలేదు. చెంచా కింద పెట్టారు.

"ఆ రెండూ ఎలాంటివో ఆవిడకి ముందే చెప్పి పంపానుగా. మళ్లీ ఎందుకు అడుగుతున్నారు?"

"నాకేం తెలుసు?"

"మీకు తెలుసు. లోపలికి రండి."

ప్రయోగశాలలో ఆమె తలుపు వేశారు. డాక్టరు ఏమన్నాడని అడిగారు. చెప్పాను. 

"లావుది చదవమన్నారని చెబుతాను" అన్నాను.

"అది పూర్తవదు."

"పూర్తవకపోతే ఏం? సగంలో ఉన్నవాళ్లదే మాట అన్నది మీరేగా!"

"అది మన అన్నాల దగ్గర ఆటండీ. ఆవిడ అడిగింది అది కాదు."

"ఆవిడ పుస్తకం సంగతి అడిగింది. అంతే."

"అయితే నేనూ పుస్తకం సంగతే చెబుతున్నాను. చిన్నది చదవమనండి."

"నేను చెప్పను."

"అయితే నేనొచ్చి చెబుతాను."

"మా గడప తొక్కొద్దు" అన్నాను. ఆ గదిలో అంత గట్టిగా ఎవరూ మాట్లాడి ఉండరు. వరండాలో నవ్వులు ఆగిపోయాయి.

ఇంటికి వెళ్లి, మేడమ్ లావుది చదవమన్నారని చెప్పాను. మా ఇంటావిడ నా ముఖం వైపు చూసింది. లావు పుస్తకం తీసి ఒళ్లో పెట్టుకుంది. తెరవలేదు. అట్ట మీద చెయ్యి వేసి కూర్చుంది.

సాయంత్రం తలుపు చప్పుడైంది. తీస్తే మేడమ్ గారు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. ఆమె తప్పుకోమనలేదు, వెనక్కీ వెళ్లలేదు.

"ఎవరండీ?" అంది లోపలినుంచి మా ఇంటావిడ.

"ఎవరూ లేరు" అన్నాను.

"నేనేనండీ, కెమిస్టుని" అన్నారు మేడమ్ గారు, నా భుజం మీదుగా.

"ఆయన్ని జరగమనండి, లోపలికి రండి. ఏవండీ, కాస్త జరగండి. మీరేం గోడ కాదు."

జరిగాను. మేడమ్ గారు మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నారు. మా ఇంటావిడ రెండు పుస్తకాలూ చేతుల్లోకి తీసుకుని అడిగింది.

"ఏది?"

"చిన్నది."

మేడమ్ గారు చెప్పింది ఆ ఒక్క ముక్కే. మా ఇంటావిడ తల ఊపింది. ఏడవలేదు. లావు పుస్తకాన్ని నా చేతికిచ్చి అలమారలో పెట్టమంది.

"బాగుంటుందా ఇది?" అని అడిగింది చిన్నదాన్ని తిప్పి చూస్తూ.

"చాలా బాగుంటుంది. మొదట్లో ఒక ముసలాయన విసిగిస్తాడు. ఓపిక పట్టండి."

"విసిగించే మగవాళ్లు నాకు అలవాటేలెండి" అంది మా ఇంటావిడ. ఇద్దరూ నవ్వారు. నేను టీ పెట్టే నెపంతో వంటింట్లోకి వెళ్లాను. టీ పెట్టలేదు.

ఆ చిన్న పుస్తకం ఆవిడ పూర్తిచేసింది. చదువుతున్న రోజుల్లోనే, తనతో చాన్నాళ్లుగా మాటలు లేని వాళ్లక్కను పిలిపించుకుంది. మిషను మా అమ్మాయికి ఇచ్చింది. కుట్టకుండా మిగిలిన బట్టలు ఎవరివి వాళ్లకు పంపించేసింది. నాతో చెప్పాల్సినవన్నీ చెప్పింది. వాటిలో కొన్ని నేను వినదలుచుకోలేదు. తర్వాత పోయింది.

మర్నెల నుంచి నేను ఫిల్టర్ హౌస్‌లోనే భోజనం చేస్తున్నాను. మేడమ్ గారు ఆ సాయంత్రం గురించి నాకు సంజాయిషీ ఇవ్వలేదు. నేను క్షమించలేదు. ఇది ఆమె కుటుంబ సభ్యులు చదువుతారని తెలిసే రాస్తున్నాను. నా ఇంట్లో నా భార్యకు ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో తేల్చే అధికారం ఆమెకు లేదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

అయితే ఉద్యోగ విషయంలో నేను చెప్పగలిగింది ఒకటుంది. ఈ ఎనిమిదేళ్లలో ప్రతి షిఫ్టులోనూ ఆమె పంపిన చీటీ చూసి నేను క్లోరిన్ వాల్వు తిప్పాను. ఒక్కసారి కూడా నిజమేనా అని తిరిగి అడగలేదు. నా మీద కోపంతోగాని, నా మీద జాలితోగాని ఆమె ఒక్క అంకె మార్చి ఉండరని నాకు తెలుసు. ఆ నీళ్లే మా ఇంట్లోనూ తాగాం. ఆమె ప్రధాన కెమిస్టు కావడం, ప్రయోగశాలకు గుర్తింపు రావడం, పెద్ద ఇంజినీరు కొడుకే ఇంజినీరై వచ్చి ఆమె రాసినదానికి మారుమాట లేకుండా సంతకం చేయడం మీరందరూ చూసినవే. వాటిని వేదిక మీద మాట్లాడేవాళ్లకు వదిలేస్తున్నాను.

విరమణ చేసేవారికి, ప్రతి ఒక్కరూ తాము ఇప్పుడు చదువుతున్న పుస్తకం గురించి చెప్పి, చదవాల్సింది ఒకటి సూచించడం ఆ బల్ల ఆనవాయితీ. ఈ వ్యాసం ఒప్పుకున్న రోజు అలమారలోనుంచి ఆ లావు పుస్తకం తీశాను. దుమ్ము దులిపాను. చదువుతున్నాను. సగంలో ఉన్నాను కాబట్టి నాకిప్పుడు మాట్లాడే హక్కుంది.

నది మీద వంతెన కడుతుంటే, ఆ రేవులో పడవ నడుపుకునే కుటుంబం కథ అది. మొదట్లో ఊరి వర్ణన అనవసరం. సగం పుస్తకమైనా వంతెన లేవలేదు. పడవవాడి పెళ్లానికి తప్ప ఆ ఇంట్లో ఎవరికీ బుర్ర లేదు. వంతెన అయితే తమ బతుకు పోతుందని ఆవిడకు తెలుసు. మొగుడు ఆవిడ దగ్గర ఆ మాట దాస్తున్నాడు. ఆవిడ తెలియనట్టే ఉంటోంది. ఆ మొగుణ్ణి ఒక దెబ్బ వేయాలనిపించింది. తర్వాతి పేజీలో వాడి మీద జాలేసింది. చివరికి ఏమవుతుందో నాకు తెలియదు, ఎవరూ చెప్పొద్దు.

మా ఇంటావిడకు ఈ పుస్తకం నచ్చి ఉండేది. పూర్తయ్యి ఉండేది కాదు.

విరమణ తర్వాత ఏ పుస్తకం మొదలుపెట్టాలని మేడమ్ గారు అందరినీ అడుగుతున్నారని విన్నాను. నన్ను అడగలేదు. అయినా చెబుతున్నాను. లావుది. అది అయ్యాక ఇంకో లావుది. ఆ తర్వాత అంతకన్నా లావుది వెతుక్కోండి. ఎవరైనా మీ చేతిలో చిన్నది పెట్టబోతే, ఇంకా టైము ఉందని చెప్పండి.

నా దగ్గరున్న ఈ పుస్తకం మీది. పూర్తికాగానే మీ ఇంటికే తెచ్చి ఇస్తాను. అప్పుడు గుమ్మంలో అడ్డం నిలబడతారో, జరుగుతారో మీ ఇష్టం. నేను చాలా మెల్లగా చదువుతాను. అప్పటిదాకా మీరు కళ్లూ కాళ్లూ సరిగ్గా ఉంచుకుని, తలుపు మీరే తీసేలా ఉండాలి.