సన్నాసి గేదె తాగిన గొయ్యి

సన్నాసని మా ఈదిలోనే ఉన్నాడు, నోరు పెద్దది, ఇల్లు సిన్నది. ఆడి కూతురు పైడితల్లికి ఏడో నెలొచ్చిందంట. పురిటికి తీసుకొద్దారని ఎల్తే ఆ పిల్ల అత్త అప్పలకొండ గుమ్మంలోనే ఆపీసిందంట. ఏటన్నాదంటే, నిండు మనిషి సెంబట్టుకుని మీ ఊరి తుప్పల్లోకి ఎల్తాదేటి అన్నయ్యా, లెట్రిన్ కట్టు, అప్పుడు పంపుతాను, లేపోతే పురుడు మా ఇంటికాడే, అన్నాదంట. తొలిసూరు పురుడు అత్తింటికాడైతే కన్నోళ్ళకి పరువేటుంటాది సెప్పండి! ఆడు ఏడుపు మొగంతో ఒచ్చి మేస్త్రి అసిరయ్యని పిలిసేడు. "మావా, ట్యాంకు ఎవుడైనా కడతాడు. దాన్లోంచి ఒచ్చిన నీరు తాగాల్సింది నేల. ముందు నూతికి దూరంగా గొయ్యి తీసి నీళ్ళొయ్యి. ఇంకితే సరి, లేపోతే నీ పెరడు సెరువే" అన్నాడు అసిరయ్య.

సన్నాసి పెరట్లో నల్లమట్టిలో గొయ్యి తీసి, కడవలతో నీళ్ళొంపి, సుట్ట కాల్సుకుందారని ఎల్లేడు. ఒచ్చి సూస్తే ఏటయిందంటే, సుక్క లేదు! మళ్ళీ పోసేడు, మళ్ళీ సుట్ట, మళ్ళీ సుక్క లేదు! ఇంక సూడు, గెంతులే గెంతులు. "నా నేల తాగినట్టు మా మావ కల్లు కూడా తాగలేదెహె" అని ఊరంతా సాటి, వియ్యపురాలికి కబురెట్టేడు. అప్పలకొండ నమ్మే మనిషా? ఒచ్చి గోతి ఒడ్డున పీటేసుకుని కూకుంది. మేమంతా సుట్టూ సేరేం. పోసిన నీరు అద్దంలాగ నిలబడిపోయింది, ఎంతకీ కదల్దు. అంతలో, జనం ఒచ్చేరని ఆ పూట కట్టీసిన సన్నాసి గేదె తాడు తెంపుకునొచ్చి, నన్ను తోసీసి, మూతెట్టి జుర్రుమని మొత్తం పీల్సీసింది! నవ్వలేక నా పంచె ఊడిపోయింది, సూసినోళ్ళు ఇక్కడే ఉన్నారు, పళ్ళికిలించకండి. సన్నాసి "సెల్లెమ్మా, నా కూతురు..." అని కూలబడిపోయేడు.

అప్పలకొండ మాత్రం నవ్వుకుంటా గేదె ఎనకాలే పెరటి సివరనున్న పశువుల సాలలోకి ఎల్లింది. గేదె తోకెత్తింది. ఏటనుకున్నారు, సెరువు మదుం తలుపెత్తినట్టే, నాగావళి అంత పారదు! మేం పరిగెట్టి అరుగులెక్కీసేం. తీరా కిందికి సూస్తే నేల పొడిపొడి! అక్కడ ఇసకలాంటి ఎర్ర గరువు నేల కదా, సుర్రుమని లాగీసింది. "అన్నయ్యా, వానాకాలంలో కూడా ఈ సాల బురదవ్వదు కదా? నీకు నేల సూపించడానికి ఈ నోరులేంది ఎన్నిసార్లు తాగాలి?" అన్నాది అప్పలకొండ.

నుయ్యి దూరమే కదాని అసిరయ్య అక్కడే ఇంకుడు గొయ్యి తవ్వి, ట్యాంకు కట్టేడు. పైడితల్లి ఒచ్చింది, ఆడపిల్లని కంది, ఊరంతా పురిటి కాయం ఉండలు తిన్నాం. గేదెనేమో నల్లమట్టిలో కట్టీసేరు. అది ఊరుకుంటాదా? సోటు దానిది. రోజూ పొద్దున్నే లెట్రిన్ తలుపుకి అడ్డంగా నిలబడతాది. సన్నాసి పొట్టట్టుకుని "తల్లీ, తప్పుకో తల్లీ" అని దండాలెడతాడు. నా మాట అబద్దమనుకుంటే ఎల్లి అడగండి. సన్నాసిని కాదు, ఆడు సిగ్గుపడతాడు. గేదెని అడగండి.