ఇంటిమాటల నెల

కంకిపాడు, 1976 నవంబరు ఆఖరి శనివారం. మూడో తరగతి గది గోడనిండా, నెలరోజులుగా పిల్లలు ఇళ్లనుంచి మోసుకొచ్చిన మాటలు అట్టముక్కల మీద వేలాడుతున్నాయి. వాటిముందు అమలమ్మ టీచరు, నాంచారి తల్లి శివపార్వతి.

“ఇదీ మీ నాంచారిదేనండీ. ‘బెజవాడ మొహం: పౌడరు ఎక్కువైన మొహం.’”

“అయ్యో, ఇదికూడా తెచ్చిందా! మా ఆడపడుచుని చూసి అన్నానండీ ఆ మాట. సాయంత్రం పాటలకి ఆవిడ కూడా వస్తోంది.”

“ముందువరుసలోనే వేశాం కుర్చీ.”

“అయితే ఈ అట్ట కాస్త గోడవైపుకి తిప్పుదామండీ.”

“తిప్పకండి, దానికి ప్రైజొచ్చింది! పుస్తకంలో లేనిది, ఇంట్లో వాడేది, రోజుకొక మాట తెమ్మన్నాం గదా. మిగతావాళ్లు పది మాటలకే చేతులెత్తేశారు. మీ అమ్మాయి ఇరవైనాలుగు తెచ్చింది.”

“ఇన్ని మాటలున్న కొంపని నాకే తెలీదు. పైన అదేమిటీ? ‘పాలు పొంగుతున్నాయి.’ ఇదేం కొత్తండీ, అందరిళ్లలోనూ పొంగేవేగా.”

“అది... అది వదిలేయండి. ఇది చూడండి, ‘కలెక్టరు స్నానం: గంటసేపు చేసే’—”

“అది మావారిది, నాకు తెలుసు. ఆ పాలకింద అర్థం సన్నగా రాసిందే. కళ్లజోడు తేలేదు, చదవండి.”

“పిల్లలండీ. ఏదో రాస్తారు.”

“చదవండి టీచరుగారూ.”

“‘అమ్మ వస్తోంది, మాట మార్చండి.’”

“మళ్లీ చదవండి.”

“‘పాలు పొంగుతున్నాయి: అమ్మ వస్తోంది, మాట మార్చండి.’ తీసేద్దామనే అనుకున్నానండీ. నాంచారేమో, ‘మా నాన్నమ్మే చెప్పింది, అర్థం కరెక్టే’ అని ఒకటే పట్టు.”

“తొమ్మిదేళ్లండీ.”

“ఏమిటి?”

“తొమ్మిదేళ్లుగా పరిగెడుతున్నా. నేనిలా హాల్లోకి అడుగుపెట్టడం, మా అత్తగారు ‘అమ్మాయ్, పాలు పొంగుతున్నాయే’ అనడం, నేను వంటింట్లోకి ఉరకడం. తీరా చూస్తే పొయ్యిమీద గిన్నే ఉండదు. నాకే మతిమరుపు అనుకున్నా. సరస్వతీ ఆకు నమిలానండీ, రెండు నెలలు! కోసి తెచ్చిచ్చింది కూడా ఆవిడే.”

“నవ్వొచ్చింది, ఏమనుకోకండి.”

“నవ్వండి. ఇంకోళ్ల కోడలికి జరిగుంటే నేనూ నవ్వేదాన్ని. మావారూ అక్కడే ఉండేవారు. ‘వెళ్లు, వెళ్లు’ అని ఆయన కూడా తొందరపెట్టేవారు. ఇంతకీ నేను వినకూడనిదేముందండీ మా ఇంట్లో?”

“పెద్దవాళ్లకి ఏవో ఉంటాయి, పోనివ్వండి. ఈ పాటలూ, బుర్రకథా, అట్టలూ, నెలంతా ఒక్కదాన్నే చేయించలేక చచ్చాననుకోండి. మీరు రానన్నారు గాని, వచ్చుంటేనా—”

“నేనా? ఎక్కడికి రానన్నాను?”

“ఉద్యోగానికండీ. జూన్‌లో.”

“జూన్‌లో మీరు ఇంకెవరినో వేసుకున్నారు.”

“మీరు కుదరదన్నాక వేసుకున్నాం, ఆవిడకి ఈ పాటలూ అవీ రావు. ఆర్డరు మీ ఇంటికే పంపాం గదా.”

“నాకే ఆర్డరూ రాలేదు. ఇంటర్వ్యూలో అంత మెచ్చుకుని చెయ్యిచ్చారని, ఆర్నెల్లుగా మీరు ఎదురొస్తే మొహం తిప్పుకుంటున్నాను.”

“మా బడి మీ కంటికి ఆనలేదనుకున్నాం మేము. కాగితం వచ్చిందండీ. ‘ఇంటి పరిస్థితులవల్ల చేరలేను’ అని. కింద మీ సంతకం, పక్కన బి.ఎ. అని కూడా.”

“బి.ఎ. అని కూడానా! నేను చదువుకున్నట్టు మావారికి గుర్తుందన్నమాట.”

“శివపార్వతిగారూ, ముందు కూర్చోండి. మంచినీళ్లు—”

“వద్దండీ. ఆ కాగితం ఉందా?”

“ఆఫీసులో ఉంది.”

“ఇప్పించండి. నాంచారి పాట అవగానే ఉయ్యూరు బస్సెక్కుతాను. తీసికెళ్లి మా నాన్నగారి ముందు పెడతాను. ఆడపిల్లకి కాలేజీ ఎందుకని ఊరంతా అంటుంటే, అందరితో పోట్లాడి బెజవాడ హాస్టల్లో పెట్టి చదివించిన మనిషి. ఆయనొచ్చి గుమ్మంలో నిలబడితే చాలు, మా ఇంట్లో ఒక్కరి నోరూ లేవదు.”

“వెళ్లకండి.”

“ఎందుకు?”

“ఇవాళ వద్దు. బుర్రకథ కూడా ఉంది, పిల్ల వెతుక్కుంటుంది.”

“దానికి చెప్పే వెళ్తాను. మీకేం భయం లేదు, మీ పేరు రానివ్వను. మావారు తెచ్చిచ్చిన కాగితం, మావారితోనే తేల్చుకుంటాం.”

“మీవారు తేలేదండీ.”

“మా అత్తగారా? ఆవిడకి తన పేరు రాయడమే రాదు!”

“ఆవిడా కాదు. ఉయ్యూరు బస్సు దిగి తిన్నగా బడికే వచ్చారు. ‘మా అమ్మాయి మొహమాటపడుతోంది, దాని దగ్గర ఈ ఊసెత్తకండమ్మా’ అని, వెళ్తూ వెళ్తూ నాకు దణ్ణం కూడా పెట్టారు మీ నాన్నగారు.”